ఆకు తుడిచి తినే మనిషితో కొండలకి

మావారి చేత నడిపించడానికి ఆయన్ని అరకు తీసుకెళ్లాను. ఈ సంగతి ఆయనకి తెలియదు. చల్లగాలికి, పసుపుపచ్చని వలిసె పూలు చూడ్డానికి, వాళ్ల ఆఫీసు అటెండరు బొంజన్న పిలిచిన పండగ భోజనానికి వెళ్తున్నామనే అనుకున్నారు పాపం.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న రోజులవి. ఆ ఏడు దసరాకి ముందు మా విజయనగరంలోనే ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన రక్తపరీక్ష కాగితాలు చూసి పక్కన పెట్టి, "మీ నాన్నగారు ఎలా పోయారు?" అని అడిగాడు. మా మామగారు యాభై దాటకుండానే, మధ్యాహ్నం భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ కుప్పకూలిపోయారు. మావారికి అప్పటికి నలభై ఎనిమిది. డాక్టరు ఆ కాగితాలు మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత, బాగా నడవండి, తగ్గించి తినండి, ఒళ్లు దించకపోతే మాత్రం కష్టం అన్నాడు. ఇంటికి వస్తూ మావారు దారిలో స్కూటరు ఆపి పునుగులు కట్టించుకున్నారు.

పెళ్లయిన కొత్తలో ఈయన వెదురుబద్దలా ఉండేవారంటే ఇప్పుడు మా అమ్మాయే నమ్మదు. అప్పట్లో ఆఫీసుకి సైకిలు మీద వెళ్లేవారు. సైకిలు పోయి స్కూటరు వచ్చింది. గుమాస్తా సీటు పోయి సూపరింటెండెంటు సీటు వచ్చింది. ఆ సీటుకో బెల్లు. బెల్లు కొడితే నీళ్లు, బెల్లు కొడితే టీ, బెల్లు కొడితే ఫైలు. లేవాల్సిన పనే లేదు. సాయంత్రం ఇంటికొస్తే టీవీ ముందు సీరియళ్లు, పక్కనే జంతికల డబ్బా. చూసినవాళ్లంతా "సారు ఒళ్లు చేశారండీ, అంతా మీ చేతి వంటే" అంటుంటే నేనూ మురిసిపోయాను. అబద్ధమెందుకు, చాలా మురిసిపోయాను.

వీటన్నిటికీ పైన ఇంకో అలవాటుంది. ఈయన ఆకులో మెతుకు మిగల్చరు. కంచమైనా, విస్తరైనా, పెళ్లి భోజనమైనా సరే తుడిచేస్తారు. అమ్మాయి వదిలేసింది కూడా తన కంచంలోకి ఒంపుకుంటారు. గిన్నె అడుగున కాస్త మిగిలితే, "దీనికోసం ఇంకో గిన్నె తోముకుంటావా" అంటూ అదీ పూర్తి చేస్తారు. ఆకలితో పని లేదు. చెవినిల్లు కట్టుకుని పోరినా వినేవారు కాదు.

బొంజన్నది హుకుంపేట అవతల కొండల్లో చిన్న ఊరు. విజయనగరంలో గది అద్దెకి తీసుకుని ఉంటాడు, భార్యా తల్లీ ఊళ్లోనే ఉంటారు. కొత్తగా పండిన సామల్ని ఊరంతా కలిసి మొదటిసారి వండుకునే కొత్తల పండగకి రమ్మని ఏటా పిలుస్తాడు. ఆ ఏడు, "రోడ్డు మధ్యలోనే ఆగిపోద్దండి, తరవాత నడకే" అని కొంచెం భయపడుతూ చెప్పాడు. నేను వెంటనే ఒప్పేసుకున్నాను.

కొత్తవలస నుంచి

తెల్లారకుండా బయల్దేరి కొత్తవలసలో కిరండోల్ పాసింజరు ఎక్కాం. ముగ్గురు కూర్చునే బల్ల మీద మావారు, నేను కూర్చున్నాక మూడో మనిషికి మిగిలింది జానెడు చోటు. ఆ చోటులో శృంగవరపుకోటలో ఎక్కిన గాజులావిడ, గాజుల గంపని ఒళ్లో పెట్టుకుని సర్దుకుంది. మావారు ఇబ్బందిగా కదిలారు.

"కదలకండి బాబూ, మీరు కదిల్తే నా గాజులు పగుల్తాయి" అంది ఆవిడ నవ్వుతూ.

కొత్తవలసలో కట్టించుకున్న ఇడ్లీలు అప్పటికే అయిపోయాయి. శివలింగపురం దాటాక రైలు కొండ ఎక్కడం మొదలెట్టింది. ఒక పక్క లోయ, ఇంకో పక్క చేత్తో అందేంత దగ్గరగా రాయి. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో కుర్రకారు కేకలు పెట్టారు. మావారు కూడా ఒకసారి కేక పెట్టి, ఎవరైనా చూశారేమోనని నా వైపు చూశారు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన కేక పెట్టగా వినడం అదే మొదలు.

బొర్రాలో రైలు ఆగింది. ప్లాట్‌ఫారం మీద మిరపకాయ బజ్జీలు వేస్తున్నారు. "ఒక్క నిమిషం" అని దిగారు. బజ్జీలు కాగితంలో పొట్లం కడుతుండగా రైలు కదిలింది.

ఆయన పరిగెత్తారు. చేతిలో పొట్లం, పైకి లేచిపోతున్న చొక్కా, నోరు తెరిచి ఊపిరి కోసం పాకులాట. నేను తలుపు దగ్గరికి ఎలా వెళ్లానో నాకే తెలీదు. గాజులావిడ గంప కింద పెట్టేసి నాకంటే ముందే చెయ్యి చాచింది. ఇద్దరం కలిసి లాగాం. లోపలికి వచ్చి బల్ల మీద పడ్డారు. ముఖం బూడిద రంగు తిరిగిపోయింది. అప్పుడే సొరంగం వచ్చింది.

ఆ చీకట్లో నాకు ఆయన ఊపిరి చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. మధ్యమధ్య ఆగుతోంది. చెయ్యి పట్టుకుని, మా మామగారు చెయ్యి కడుక్కున్న ఆ నూతిగట్టు కళ్ల ముందు కనిపిస్తుంటే, తలచుకోకూడదని తల విదిలించుకున్నాను. వెలుతురు వచ్చింది. ఆయన కళ్లు తెరిచారు. రెండో చేతిలో పొట్లం అలాగే ఉంది.

"వేడిగా ఉన్నాయి, తిను" అన్నారు, మాట సరిగా రాకుండానే.

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. గాజులావిడ మా ఇద్దరినీ మార్చిమార్చి చూసి, "బజ్జీలు ఎక్కడికీ పోవు బాబూ. మీరే జాగ్రత్త" అంది. ఆయన తల ఊపారు. అరకు వచ్చేలోగా పొట్లం ఖాళీ చేశారు. కాగితం మడిచి, అంటుకున్న చివరి పలుకు కూడా వేలితో తీసి తినేశారు.

అరకు సంత

మర్నాడు అరకులో పొగమంచు పొద్దెక్కేదాకా విడలేదు. విడిచాక చూస్తే లోయంతా వలిసె పూల పసుపు. చూడ్డానికి మాటలు చాలవని అందరూ రాసేదే కాబట్టి నేను రాయను. కాఫీ మాత్రం మన ఊరి ఫిల్టరు కాఫీ కంటే పల్చగా ఉంది. అది పండే చోట అలా ఉంటుందనుకోలేదు.

నా ఉపాయం ప్రకారం పొద్దున్నే కాఫీ తోటలదాకా నడవాలి. మావారి ఉపాయం ప్రకారం టీ కొట్టుదాకా నడవాలి. మధ్యేమార్గంగా సంతకి వెళ్లాం.

సంతకి ఎక్కడెక్కడి కొండల నుంచో వస్తారు. తలమీద గంప, భుజాన కావిడి, నడుముకి కట్టుకున్న పిల్ల. గుమ్మడికాయలు, పసుపు కొమ్ములు, అల్లం, చింతపండు, విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టలు. నేను జనాన్ని చూస్తూ నిలబడ్డాను. ఇంత జనంలో పొట్ట ఉన్న మనిషి కనపడితే చెప్పుకోవాలి. ఉన్న ఒకరిద్దరూ మైదానం నుంచి వచ్చిన షావుకార్లే. అలాగని వీళ్లు తక్కువ తింటారనుకుంటే పొరపాటు. చెట్టు కింద కూర్చున్న ఒకావిడ లోతైన చిప్పతో చోడంబలి, అంటే రాగి జావ, రెండుసార్లు పోయించుకుని తాగింది. నేనైతే అందులో సగానికి పడుకునేదాన్ని. తాగి, మూతి తుడుచుకుని, నాలాంటి మనిషంత బరువున్న గంప నెత్తికెత్తుకుని కొండెక్కి వెళ్లిపోయింది. కలుపు, కట్టెలు, నీళ్లు, సంత, అన్నీ కాళ్ల మీదే. ఆఫీసులో మంచినీళ్లకి కూడా బెల్లు అలవాటైన మనిషి నా పక్కన నిలబడి చెమట తుడుచుకుంటున్నారు.

చలిగా ఉందని ఆయనకో స్వెటరు కొందామని రెడీమేడు బట్టల దుకాణం దగ్గర ఆగాం. దుకాణం అతను ఆయన్ని పైనుంచి కిందకి చూసి, ఉన్న స్వెటర్లన్నీ తిరగేసి, చివరికి మర్యాదగానే అన్నాడు.

"ఈ సైజు మాకాడ నేదు బాబూ. కొండమీద ఎవులికీ సరిపోదని తేను."

మావారు నవ్వారు. నాకు మాత్రం ఆ నవ్వు ఎంత బలవంతంగా వచ్చిందో తెలిసింది. పక్కన అడ్డాకులు అమ్మే ముసలావిడ ఆయన చెయ్యి పట్టుకుని నొక్కి చూసి, "మంచి బలం. ఏటి తింతాడమ్మా?" అని నన్నడిగింది. మా వీధిలో ఎవరైనా అలా అడిగితే పొంగిపోయేదాన్ని. అక్కడ మాత్రం ఆయన్ని ముందుకి లాక్కెళ్లాను.

సాయంత్రం గదికి వచ్చాక ఆయన కిటికీ దగ్గర నిలబడి, "నాకు భయంగా లేదనుకుంటున్నావా" అన్నారు. భయం ఉన్న మనిషి ఎందుకు మానడో మాత్రం నాకు అర్థం కాలేదు. కోపం కూడా వచ్చింది. రాత్రి చపాతీలు కంచం తుడిచి తిన్నారు.

హుకుంపేట అవతల

మర్నాడు బస్సులో హుకుంపేట చేరాం. బొంజన్న మా కోసం కాచుకుని ఉన్నాడు. ఆఫీసులో బెల్లు మోగగానే వంగి నడిచే బొంజన్న, ఇక్కడ నిటారుగా, పెద్ద అడుగులు వేస్తూ, దారిలో అందరినీ పలకరిస్తూ వేరే మనిషిలా కనిపించాడు. జీపులో మావారిని ముందు కూర్చోబెట్టాడు డ్రైవరు. "ఎనక్కి కూకుంటే బండి కొండెక్కదు" అన్నాడు. జీపుకి కట్టిన మూటలు, మనుషులు, కోళ్లు అన్నీ కలిసి కదిలాం. రోడ్డు ఒక వాగు దగ్గర ఆగిపోయింది. అక్కడి నుంచి నడక.

నాకు కావాల్సిందే అది. కానీ మొదటి మలుపులోనే మావారు రాయి మీద కూలబడగానే నా ఉత్సాహం చల్లారింది. పండగకి వెళ్తున్న దంపతులు వెనకాల వస్తున్నారు. వాళ్లు మమ్మల్ని దాటిపోతారనుకున్నాను. దాటలేదు. గంప దించి, పక్కన కూర్చున్నారు. ఎక్కడి నుంచి, ఎవరింటికి, పిల్లలెందరు అని అడిగారు. మావారు లేచాకే లేచారు. రెండో మలుపులో మళ్లీ ఆయన కూర్చుంటే వాళ్లూ కూర్చున్నారు, వెనక వచ్చిన ఇంకో ముసలాయనా కూర్చున్నాడు. కాసేపటికి దారిలో ఒక చిన్న సభ తయారైంది.

"మీరు వెళ్లండయ్యా, నా వల్ల మీకు ఆలస్యం" అన్నారు మావారు సిగ్గుపడుతూ.

"కూకున్నోడిని ఒదిలీసి ఎలా ఎల్తామండీ" అన్నాడు ముసలాయన, చుట్ట వెలిగించుకుంటూ. "పండగ మేం ఎల్లేకే కదా."

మా ఊళ్లో పొద్దున్నే మైదానంలో నడిచేవాళ్లు ఒకళ్లనొకళ్లు దాటుకుంటూ గబగబా పోతారు. మావారు ఒకప్పుడు మొదలెట్టి నెల రోజులు కూడా అక్కడ నిలబడలేకపోవడానికి అదొక కారణమని నాకు అప్పుడు తోచింది. ఇక్కడ మాత్రం పదిమంది తనకోసం ఆగుతున్నారని ఆయనే ఆగడం తగ్గించారు. పల్లానికి దిగేటప్పుడు నాకే చెయ్యి అందించారు.

కొత్త గింజ

ఊరు పాతిక గడప ఉంటుంది. అలికిన గోడలు, వాకిట్లో పందిరికి పాకిన చిక్కుడు. బొంజన్న తల్లి సుక్రమ్మ గుమ్మంలో నిలబడి కాళ్లకి నీళ్లిచ్చింది. చిన్న మనిషి, ముడతలు పడ్డ చేతులు, ముక్కుకి మూడు పోగులు. కోడలు లచ్చిమి చాప పరిచింది. బొంజన్న ఊరి దేవత దగ్గర పెద్దలతో పని ఉందని వెళ్లిపోయాడు.

మా ఇద్దరికీ అడ్డాకు కుట్టిన విస్తళ్లు వేశారు. కొత్త సామల అన్నం, గుమ్మడికాయ కూర, నాటుకోడి పులుసు. సామల అన్నం మన వరి అన్నంలా తెల్లగా ఉండదు, కొంచెం పొడిపొడిగా ఉండి కమ్మటి వాసన వేస్తుంది. పప్పు కలిపి తిన్నట్టు కాదు, నమలాలి. నేను నాలుగు ముద్దలకే నిండిపోయి, మిగిలింది పక్కకి జరిపి, చెయ్యి కడుక్కోవడానికి లేచాను. పండగ పూట కొత్త గింజ వదిలినందుకు మనసులో పీకుతూనే ఉంది.

మావారు తుడిచేశారు. సుక్రమ్మ ఎదురుగా చతికిలబడి కూర్చుని ఆయన ఆకు చూస్తోంది. ఖాళీ కాగానే అన్నం పెట్టింది. ఆయన తుడిచేశారు. మళ్లీ పెట్టింది. ఆయన మళ్లీ. ఈసారి ఆవిడ మొహంలో నవ్వు తగ్గింది, కంగారు కనిపించింది. లచ్చిమితో తమ భాషలో ఏదో అంది. లచ్చిమి ఖాళీ గిన్నె పట్టుకుని పక్కింటికి పరిగెత్తింది. ఒక గిన్నె అన్నంతో తిరిగొచ్చింది.

నేను కళ్లతో సైగ చేశాను. ఆయన నుదుటి మీద చెమట. బెల్టు వదులు చేసుకున్నారు.

"చాలనండి" అన్నాను మెల్లగా.

"అంటున్నాను కదా. పెట్టేస్తోంది" అన్నారు ఆయన. "పెట్టింది వదిలేస్తే ఎలా? పండగ గింజ. పెద్దావిడ."

నిజమే, చాలు చాలని చేత్తో అడ్డుపెడుతూనే ఉన్నారు. కానీ పెట్టింది తుడవకుండా ఉండలేకపోతున్నారు. పక్కింటి అన్నం కూడా అయిపోయింది. ఆకు మెరుస్తోంది. ఆవిడ ఖాళీ గిన్నె పట్టుకుని, ఇంకేం చెయ్యాలో తెలియనట్టు ఆయన వైపు చూసింది. అప్పుడే బొంజన్న వచ్చి, పరిస్థితి చూసి, తల్లి చేతిలో గిన్నె తీసుకుని పక్కన పెట్టాడు.

"లెగండి సార్, చాలు" అన్నాడు. మావారు లేచి, గోడ పట్టుకుని నడిచి, వాకిట్లో మంచం మీద వాలిపోయారు. నేను పక్కన కూర్చుని ఆయన ఛాతీ లేచి పడడం చూస్తూ విసనకర్ర వేశాను.

పొయ్యి పక్కన

పొద్దు వాలుతుండగా మంచినీళ్ల కోసం లోపలికి వెళ్లాను. పొయ్యి పక్కన సుక్రమ్మ మోకాళ్ల మీద గడ్డం ఆన్చుకుని కూర్చుని ఉంది. పక్కన ఒక చిన్న గిన్నెలో మళ్లీ వండిన అన్నం, మీద ఆకు మూత. లచ్చిమి బిడ్డకి పెడుతోంది.

"పెద్దావిడ తినలేదా?" అని అడిగాను.

లచ్చిమి తల దించుకుంది. "తిన్లేదమ్మా. తిన్దు."

"ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది." బిడ్డ మూతి తుడిచి, చెప్పొచ్చో లేదో అనుకుంటూ చెప్పింది. "మా ఇంట ఒచ్చినోడు ఆకులో పిడికెడు ఒదుల్తాడమ్మా. ఒదిల్తే కడుపు నిండినట్టు. అప్పుడు వండినామె తినడానికి కూకుంటాది. బాబు ఆకు కాళీగా లేసినాడు. ఆకలి తీరకుండా లేసినట్టే గదా. వడ్డించిన సెయ్యి ఇంక మెతుకు ముట్టదు."

"పొద్దున్నించీ ఏమీ తినలేదా?"

"కొత్త గింజ గదా, పొద్దున్న పస్తే. మీరు తిన్నాక తిందామని కూకుంది."

సుక్రమ్మకి మా మాటలు అర్థమయ్యాయి. "ఊరుకోవే" అని కోడల్ని కసిరి, నన్ను చూసి నవ్వింది. "బాబు ఆకలి పెద్దది. మేం సరిగా పెట్టనేకపోనాం" అంది. కోపం కానీ చిరాకు కానీ ఆ ముసలి ముఖంలో లేవు. సిగ్గు ఉంది, అతిథికి కడుపు నింపలేకపోయానన్న సిగ్గు.

వాకిట్లోకి వచ్చి మావారిని లేపి విన్నదంతా చెప్పాను. నవ్వుతారనుకున్నాను. ఆయన లేచి కూర్చున్నారు, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని. చాలాసేపు కొండ వైపు చూశారు.

"మా నాన్న జూట్ మిల్లులో పనిచేసేవాడు కదా" అన్నారు. "మిల్లు మూసేసినప్పుడు నెలలకొద్దీ జీతం ఉండేది కాదు. అమ్మ నా ముందు ఇలాగే కూర్చుని ఆకు చూసేది. నేను తుడిచేస్తే ఆమె ముఖం వెలిగిపోయేది. అందుకే తుడిచేవాణ్ని. నేను లేచి వీధిలోకి వెళ్లాక లోపల్నించి గరిటెతో గిన్నె అడుగు గీకే చప్పుడు వినిపించేది. గిన్నె తోముతోంది కాబోలనుకునేవాణ్ని."

నేను విసనకర్ర పక్కన పెట్టాను.

"గిన్నె తోమే చప్పుడు కాదది, పార్వతీ. దానిలో ఏం మిగిలిందని అంతసేపు గీకేది."

మా అత్తగారు నేను కాపురానికి వచ్చిన నాలుగో ఏటే పోయారు. సన్నగా, గాలికి ఊగేలా ఉండేవారు. ఆవిడ ఒంటితత్వమే అంత అని అందరం అనుకునేవాళ్లం. ఈ మనిషి ఇన్నేళ్లూ ఎవరి ముఖం వెలగడం కోసం ఆకు తుడుస్తున్నారో నాకు అప్పుడు తెలిసింది. అరకులో వచ్చిన కోపమంతా కరిగిపోయి ఆయన వీపు నిమురుతూ కూర్చున్నాను.

కాసేపటికి ఆయన లేచి లోపలికి వెళ్లారు. పొయ్యి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, "అమ్మా, కొంచెం అన్నం పెట్టు" అన్నారు.

సుక్రమ్మ ముఖం విప్పారింది. మూత తీసి, తనకోసం పెట్టుకున్న అన్నంలోంచే ఆకులో పెట్టింది. నేను వద్దని అనబోయి ఆగిపోయాను. ఆయన తిన్నారు. మెల్లగా, ఒక్కో ముద్ద. ఇంతకు ముందు తిన్నదే గొంతుదాకా ఉందని నాకు తెలుసు. ఆకులో ఇంకో పిడికెడు ఉండగా ఆయన వేళ్లు అలవాటుగా దాన్ని దగ్గరికి లాగడం మొదలెట్టాయి. ముద్ద తయారైంది. అక్కడ ఆగారు. ఆయన ముఖం చూడలేకపోయాను. ఆ ముద్దని ఆకు మధ్యలో వదిలి, చెయ్యి వెనక్కి తీసుకుని, రెండో చేత్తో ఆ చేతి మణికట్టు పట్టుకున్నారు.

"నిండిపోయింది అమ్మా" అన్నారు.

ఆవిడ ఆకు చూసింది, ఆయన్ని చూసింది. చెంబుతో చేతి మీద నీళ్లు పోసింది. తర్వాత గిన్నెలో మిగిలిన అన్నం, అడుగున ఉన్న పులుసు ఆకులో వేసుకుని, అక్కడే, ఆయన ఎదుటే తినడానికి కూర్చుంది. ఆ పిడికెడు అన్నం లచ్చిమి తీసి వాకిట్లో కోళ్లకి వేసింది. మావారు లేవలేదు. ఆవిడ చివరి ముద్ద తినేదాకా అలాగే చూస్తూ కూర్చున్నారు.

"ఇంకొంచెం పెట్టుకో అమ్మా" అన్నారు ఒకసారి.

"సాలు బాబూ" అంది ఆవిడ. ఆవిడ ఆకులో కూడా పిడికెడు మిగిలింది.

పాడేరు

తిరుగుదారిలో పాడేరు వచ్చాం. బస్టాండు దగ్గర హోటల్లో భోజనానికి కూర్చున్నాం. మావారు పట్టుదలగా పిడికెడు మిగిల్చారు. సర్వరు వచ్చి ఆకు చుట్టేసి డబ్బాలో పడేశాడు. దాన్ని చూసి ఈయన ముఖం మాడిపోయింది. కోళ్లూ లేవు, మిగిలింది చూసి తినడానికి కూర్చునే మనిషీ లేదు.

"ఇక్కడ మిగిల్చి లాభం లేదు" అన్నారు బస్సెక్కాక. "ముందే తక్కువ పెట్టించుకోవాలి."

డాక్టరు చెప్పింది కూడా అదేనండీ అనబోయి నోరు మూసుకున్నాను. ఘాటు రోడ్డు మలుపుల్లో నా భుజం మీద తలవాల్చి నిద్రపోయారు. ఊపిరి తేలిగ్గా వస్తోంది. చోడవరం వచ్చేదాకా వింటూనే ఉన్నాను.

ఇల్లు

ఆయన చిక్కిపోయారా అని అందరూ అడిగేవారు. బెల్టుకి ఒక కన్నం లోపలికి వెళ్లింది, అంతే. పొద్దున్న కోటచుట్టూ నడిచేవారు, ఎవరైనా అలిసి గట్టు మీద కూర్చుంటే పక్కన కూర్చునేవారు. అందుకని తిరిగొచ్చేసరికి ఆలస్యం. పునుగులు పూర్తిగా మానలేదు. డాక్టరు మళ్లీ రమ్మన్నాడు. నా భయం ఇంకా పోలేదు.

కొండల నుంచి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం మామూలుగానే ఆయనకి వడ్డించి వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను. వంకాయ కూర. ఆయన తిని, కంచంలో పిడికెడు అన్నం వదిలారు. చెయ్యి కడుక్కోవడానికి లేస్తారని చెంబు అందించాను. తీసుకోలేదు.

"నువ్వూ కూర్చో" అన్నారు.

"నేను తర్వాత తింటాలెండి."

"తర్వాత అంటే, ఏం తింటావు?"

"ఏముంటే అది."

"ఉండేదా?" అన్నారు.

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ ప్రశ్న ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. చెప్పకూడదని కాదు. ఎవరైనా అడిగితే కదా. ఆయన నా ముఖమే చూస్తున్నారు.

"అన్నం ఉండేది. కూర చాలాసార్లు ఉండేది కాదు" అన్నాను. "మాగాయితో తినేదాన్ని."

ఆయన కూర గిన్నె రెండు చేతులతో నా వైపు జరిపారు. కంచం తెచ్చుకుని ఆయన పక్కన కూర్చున్నాను. పెళ్లయ్యాక మా ఇంట్లో ఆయన పక్కన కూర్చుని తినడం అదే మొదలు. సిగ్గేసింది. ఆయన ఎంగిలి చెయ్యి అలాగే పెట్టుకుని చూస్తున్నారు. మెతుకులు ఎండిపోయి వేళ్లకి అంటుకున్నాయి.

"చెయ్యి ఎండిపోయిందండీ, లేచి కడుక్కోండి" అన్నాను.

"తిను" అన్నారు.